ఆ రిజిస్టర్లో ‘మళ్ళీ’ అనే గడి

మాస్టారు నాకు పెట్టిన మొదటి షరతు బట్టల గురించి. పసుపు వద్దు, ఎరుపు వద్దు, కాషాయం వద్దు, జెండాలోలా మూడు రంగులున్నవి అసలే వద్దు. ఓట్లు నమోదు చేయించడానికి వెళ్ళేవాళ్ళ ఒంటి మీద ఏ పార్టీ రంగూ కనబడకూడదట. అవన్నీ పక్కన పెడితే ఆ డిసెంబరు నెలంతా నాకు మిగిలినవి రెండే జతలు. ఒకటి నీలంది, ఒకటి బూడిద రంగుది. “ఉన్న మంచి బట్టలన్నీ మడతపెట్టి ఈ వెలిసిపోయినవి వేసుకుని వీధులు తిరగడమేంటే?” అని అమ్మ సణుగుతూనే ఉండేది.

1998 సంగతి. నేను డిగ్రీ రెండో సంవత్సరం. పద్దెనిమిది నిండి ఏడాది దాటింది గానీ ఓటు ఎక్కలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ ధ్యాసే లేదు. బళ్ళో ఓటర్ల ముసాయిదా జాబితా పెట్టారు, పేర్లు చూసుకోవచ్చు అని ఎవరో అంటే వెళ్ళాను. అక్కడ కుర్చీలో కూర్చున్న ఉద్యోగి కంటే, పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి పేర్లు వెతికి పెడుతున్న పెద్దాయనే ఎక్కువ హడావిడిగా ఉన్నారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. నాకు చదువు చెప్పలేదు గానీ మా బాబాయిని బెంచీ ఎక్కించిన చరిత్ర ఉంది. కొత్తగా ఓటు ఎక్కాలంటే నింపాల్సిన ఫారం 6 నా చేతికి ఇచ్చారు. నింపి ఇస్తే కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆ కాగితాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశారు.

“దస్తూరీ బాగుంది అమ్మాయ్. సాయంత్రాలు ఖాళీయేనా?”

అంతే. నన్ను చేర్చుకోవడానికి ఆయన అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

ఆయన ఈ పనిలో పడింది 1989లోనట. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ ఆ ఏడాది మార్చి 28న అమల్లోకి వచ్చింది. ఆయన దగ్గర పదో తరగతి చదివి వెళ్ళిన కుర్రాళ్ళు గుంపుగా వచ్చి, “మాస్టారూ, మాకూ ఓటొచ్చిందంట, ఎక్కడిస్తారండీ?” అని సినిమా టికెట్ అడిగినట్టు అడిగారట. ఎక్కడిస్తారో ఆయనకీ తెలియదు. తెలుసుకుందామని మండలాఫీసుకి వెళ్ళారు. వెళ్ళినాయన ఇక ఇరవై ఏళ్ళు ఆగలేదు.

నేను చేరేనాటికి మేం ఆరుగురం. మాస్టారు, ఒక ఎల్‌ఐసీ ఏజెంటు, టైలరు బాబాయ్, పోస్టాఫీసు ఆర్డీలు కట్టించే ఒక అక్క, నేను, నా క్లాస్‌మేటు. ఇందులో ఎల్‌ఐసీ ఆయన్నీ ఆర్డీ అక్కనీ మాస్టారు కావాలనే పట్టుకొచ్చారని తర్వాత అర్థమైంది. ఏ ఇంటి తలుపు ఏ టైముకి తీస్తారో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మాకు పేరు లేదు, బోర్డు లేదు, బ్యానర్ లేదు, చందా పుస్తకం అంతకన్నా లేదు. జిరాక్సుల డబ్బులు మాస్టారి పెన్షన్లోంచి. మనం ఎవరం అని చెప్పాలండీ అంటే, “మీ వీధివాళ్ళమని చెప్పు, అబద్ధం కాదుగా” అనేవారు.

కానీ ఆ మాట ఎవరూ నమ్మేవారు కాదు. తలుపు తీయగానే వచ్చే మొదటి ప్రశ్న, “మీరు ఎవరి మనుషులు?” ఎవరి మనుషులమూ కాదంటే అనుమానం ఇంకా పెరిగేది. ఒక పార్టీ వార్డు లీడరు మమ్మల్ని అవతలి పార్టీవాళ్ళమనుకున్నాడు. అవతలి లీడరు ఈయన పంపించాడనుకున్నాడు. ఇద్దరూ ఒకే వారంలో మాస్టారిని పిలిచి టీ తాగమన్నారు. ఆయన ఇద్దరి ఇళ్ళలోనూ మంచినీళ్ళు మాత్రం తాగి, ఇద్దరికీ ఒకే జాబితా జిరాక్సు ఇచ్చి వచ్చారు. “వాళ్ళ బూత్ ఏజెంట్లు చూస్తే మనకి తప్పులు తొందరగా దొరుకుతాయి అమ్మాయ్, శత్రువు కళ్ళకి ఉండే పదును మిత్రుడి కళ్ళకి ఉండదు” అన్నారు. నిజంగానే దొరికాయి. ఒక పార్టీవాళ్ళు పట్టుకున్న చనిపోయినవాళ్ళ పేర్లన్నీ అవతలి పార్టీకి పట్టున్న వీధివే. అవతలివాళ్ళు పట్టుకున్నవి ఇవతలి వీధివి. రెండూ కలిపితే మా వార్డు మొత్తం శుభ్రం.

అందులో బతికున్నవాళ్ళు కూడా ఉన్నారనుకోండి, అది వేరే కథ. ఒక రిటైర్డ్ గుమాస్తా గారిని ఎవరో చనిపోయినట్టు రాసి, పేరు తీసేయమని ఫారం 7 పెట్టేశారు. విచారణకి రమ్మని నోటీసు ఆయన పేరు మీదే వచ్చింది. ఆయన ఆ కాగితం పట్టుకుని మా మాస్టారి అరుగు మీద కూర్చుని, “నేను లేనని నేనే సంతకం చేసి తీసుకున్నానండీ” అని ఒకటే నవ్వు. ఆ నవ్వు ఆగాక మాత్రం ఆయన చెయ్యి వణకడం నేను చూశాను.

నేనైతే ఈ పనంటే ఉపన్యాసాలుంటాయేమో అనుకుని చేరాను. ఓటు విలువ, ప్రజాస్వామ్యం, బాధ్యత, ఇలాంటివన్నీ ఒక పేజీ రాసుకుని మొదటిరోజు తీసుకెళ్ళాను కూడా. మాస్టారు అది చదివి మడిచి తన జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ ఇవ్వలేదు. “ఓటు గొప్పదని వాళ్ళకి తెలుసు. వాళ్ళకి తెలియంది ఏ కాగితం, ఎక్కడ, ఎప్పటిలోపు అన్నది. అది చెప్పు చాలు” అన్నారు. ఎంత నిజమో రెండు వీధులు తిరిగేసరికి తెలిసింది. ఓటు వేయనని మొండికేసినవాళ్ళు మా వార్డు మొత్తంలో ముగ్గురో నలుగురో. మిగిలినవాళ్ళందరివీ చిన్న చిన్న చిక్కులే.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఫోటో కార్డు. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో ఆ కార్డులకి ఆదేశాలిచ్చారు. తర్వాత ఊరూరా బళ్ళలో తెల్లగుడ్డ కట్టి ఫోటోలు తీశారు. కార్డు చేతికొచ్చాక జనం దాన్ని భద్రంగా ట్రంకుపెట్టెలో దాచి, ఇక ఓటు తమదే అనుకున్నారు. కార్డు మీరెవరో చెబుతుంది, ఓటుండేది జాబితాలో, కార్డున్నా అక్కడ పేరు లేకపోతే వేయనివ్వరు అని చెబితే మొహాలు మాడిపోయేవి. “మరి ఇదెందుకిచ్చారమ్మా?” అని ఒకాయన కార్డుని వెనకా ముందూ తిప్పుతూ నన్నే నిలదీశాడు. నేనిచ్చినట్టు! కొందరి కార్డుల్లో ఫోటోలే మారిపోయాయి. మీసాలున్న సుబ్బలక్ష్ములు కూడా తగిలారు.

రెండో చిక్కు అద్దె ఇళ్ళు. అద్దెకున్నవాళ్ళ పేర్లు జాబితాలో ఎక్కితే రేపు ఇల్లు మాదేనంటారని ఓనర్ల భయం. “మా ఇంటి నంబరు మీద వాళ్ళ ఓటు రాయడానికి వీల్లేదు” అని ఒకావిడ గేటుకి అడ్డం నిలబడింది. చట్టం చూసేది మనిషి మామూలుగా ఎక్కడ ఉంటున్నాడన్నదే, ఇల్లు ఎవరిదన్నది దానికి అక్కర్లేదు. ఇది మాస్టారు ఆవిడకి ఎన్నిసార్లు చెప్పారో! చివరికి చట్టం పనిచేయలేదు, ఎల్‌ఐసీ ఆయన పనిచేశారు. ఆవిడ పాలసీ ఏజెంటు ఆయనే మరి.

ఇంటికి రాగానే ఇవన్నీ మాస్టారి రిజిస్టర్లోకి ఎక్కాలి. నీలం అట్ట, మధ్యలో దారంతో కుట్టిన లావుపాటి పుస్తకం. స్కేలు పెట్టి ఆయనే నిలువు గీతలు గీసుకున్నారు. ఇంటి నంబరు, మనుషులెందరు, ఓటున్నవాళ్ళు, లేనివాళ్ళు, ఫారం ఇచ్చిన తేదీ, రసీదు నంబరు. చిట్టచివర ఒక సన్నటి గడి. దాని తలమీద ఒకే మాట: ‘మళ్ళీ’. ఏ ఇంటికైనా రెండోసారి వెళ్ళాల్సి ఉంటే అక్కడ పెన్సిల్‌తో గీత పడుతుంది. వెళ్ళొచ్చాక పెన్నుతో దాన్ని కొట్టేయాలి. ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టి గానీ ఆయన భోజనానికి లేచేవారు కాదు. “మొదటిసారి ఎవడైనా వెళ్తాడమ్మాయ్” అనేవారు. ఆ మాట విని విని విసుగొచ్చేది నాకు.

కాలువ గట్టు మీద ఒక వరస గుడిసెలుండేవి. అక్కడ ఒకావిడ నన్ను చూడగానే చాప వేసి కూర్చోమంది. కూరగాయల గంప దించి అప్పుడే ఇంటికొచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళకి ఇంకా కొత్తిమీర ఆకులు అంటుకుని ఉన్నాయి. ఫారం తీశాను. భర్త పేరు అడిగాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంకోసారి అడిగాను. గోడ మీద పాత క్యాలెండర్లో వెంకటేశ్వరస్వామి బొమ్మ వైపు గడ్డంతో చూపించింది. సరే, వెంకటేశ్వర్లు అని రాయబోతే, “అది కాదు పాపా, ఇంకోటి” అంది. శ్రీనివాసా? కాదు. తిరుపతయ్యా? కాదు. ఈలోపు పక్క గుడిసె పిల్లాడొకడు వచ్చి, “ఏడుకొండలు!” అని అరిచి పారిపోయాడు. ఆవిడ మొహం తిప్పుకుని, “వాడే చెప్పాడు, నేను చెప్పలేదు” అంది.

అక్కడితో గట్టెక్కాననుకున్నాను. తర్వాత ఆవిడ పేరు అడిగాను.

ఆవిడ ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. పేరడిగితే ఆలోచించే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. “పెద్దోడి అమ్మ అంటారు” అంది. అది కాదమ్మా, నీ పేరు. “మా ఆయన ‘ఇదిగో’ అనేవాడు.” పుట్టింట్లో ఏమని పిలిచేవాళ్ళు? గంపలో మిగిలిన వంకాయల్ని అటూ ఇటూ కదిపింది. కాసేపటికి తల దించుకునే, ఎవరో ఇంకొకరి సంగతి చెబుతున్నట్టు, వాళ్ళ నాయనమ్మ పెట్టిన పేరు చెప్పింది. చక్కటి పేరు. రెండోసారి అడిగితే ఇంకొంచెం గట్టిగా చెప్పింది. మూడోసారి నేను అడగకుండానే అంది.

ఆ పేరు రాయించుకోవడానికి అంతసేపు కూర్చున్నదాన్ని, ఇక్కడ మాత్రం రాయను. అది ఆవిడది.

ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే మాస్టారు నవ్వలేదు. 1951–52లో జరిగిన మొదటి ఎన్నికల సంగతి చెప్పారు. అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. జాబితాలు తయారయ్యాక చూస్తే లక్షలమంది ఆడవాళ్ళు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనే ఎక్కారట, సొంత పేర్లే లేవు. సొంత పేరు చెబితేనే ఓటన్నారు ఆయన. చెప్పనివాళ్ళు దాదాపు 28 లక్షలమంది. అందరినీ జాబితాలోంచి తీసేశారు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళే. “అది మంచిపనే, ఆ తర్వాతి ఎన్నికలకి పేర్లు చెప్పారుగా” అన్నాడు నా క్లాస్‌మేటు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. “ఏమోరా. మంచిపనే అయ్యుండొచ్చు. కానీ ఆ 28 లక్షలమంది దగ్గరికీ రెండోసారి ఎవరైనా వెళ్ళారా అని నాకెప్పుడూ అనుమానం.” నాకు ఇప్పటికీ ఈ విషయంలో ఎవరు సరైనవాళ్ళో తేలలేదు. సేన్ గారి స్థానంలో నేనుంటే అంత గట్టిగా నిలబడేదాన్ని కాదు. అలా నిలబడకపోతే ఏమయ్యేదో కూడా తెలియదు.

గుడిసెకి ఇంటి నంబరు లేదు. అలాంటప్పుడు పక్కనున్న పక్కా ఇంటి నంబరు రాసి, దానికి బై వేసేవాళ్ళం. నేను 4-17/1 అని రాయాలి. 4-71/1 అని రాశాను. రెండు అంకెలు తిరగబడ్డాయి, అంతే. రాసేటప్పుడు తెలియలేదు.

ఫారాలు కట్టకట్టి మేమే ఇచ్చేస్తే తీసుకునేవారు కాదు. ఎవరో ఒకరు గంపగుత్తగా తెచ్చినవి చెల్లవన్నది రూలు. ఎవరిది వాళ్ళు పట్టుకెళ్ళాలి, మహా అయితే ఒక ఇంట్లోవాళ్ళవి ఒకరు ఇవ్వొచ్చు. మంచి రూలే, లేకపోతే పార్టీలవాళ్ళు లారీలకొద్దీ దింపేవాళ్ళు. కాకపోతే కూలికెళ్ళేవాళ్ళకి అది పూట పని. అందుకని చివరి వారం సాయంత్రాలు మేమే ఒక్కో వీధివాళ్ళనీ వెంటపెట్టుకుని బడికి నడిపించుకెళ్ళేవాళ్ళం. ముందు టైలరు బాబాయ్ లాంతరు పట్టుకుని, వెనక పదిమంది. పెళ్ళికి తరలి వెళ్తున్నట్టుండేది. కాలువ గట్టువాళ్ళు వచ్చినరోజు ఆవిడ జుట్టు తడిపి దువ్వుకుని, నుదుటన రూపాయంత బొట్టు పెట్టుకుని వచ్చింది. రసీదు ముక్క చేతికిస్తే దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

రిజిస్టర్లో ఆవిడ వరసలో ‘మళ్ళీ’ గడి నాదే. విచారణకి మనిషి వచ్చాడా, కొత్త పేర్లు వేసే అనుబంధ జాబితాలో పేరు పడిందా అని చూసి కొట్టేయాల్సింది నేనే. ఈలోపు నాకు పరీక్షలొచ్చాయి. టెన్షన్లో ఏదీ గుర్తులేదు. ఎవరైనా చూసే ఉంటారులే అనుకుని, మాస్టారు అడిగినప్పుడు “అయిపోయిందండీ” అన్నాను. పెన్ను తీసి నేనే కొట్టేశాను.

తర్వాత తెలిసింది జరిగిందేమిటో. విచారణకి వచ్చిన మనిషి 4-71కి వెళ్ళి అడిగాడు. అది నాలుగు వీధుల అవతల ఒక మేడ. అలాంటావిడ ఎవరూ ఇక్కడ లేరన్నారు. ఫారం తిరస్కరించారు.

1999 సెప్టెంబరులో అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపే పోలింగు. బడికి వంద మీటర్ల దూరంలో సున్నంతో గీత గీశారు. పార్టీల టేబుళ్ళు అంతకంటే దూరాన షామియానాల కింద ఉన్నాయి. మా మాస్టారు ఏ షామియానా కిందికీ వెళ్ళకుండా ఎండలో వేపచెట్టు మొదట్లో జాబితా పట్టుకుని కూర్చున్నారు. భాగం నంబరు, వరుస సంఖ్య చీటీ మీద రాసి ఇవ్వడం మా పని. గుర్తులూ పేర్లూ ఏమీ ఉండని తెల్లకాగితం ముక్క. పార్టీల చీటీలకంటే మా దగ్గరే ఎక్కువ జనం ఉన్నారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

పదకొండు గంటలకి ఆవిడ వచ్చింది. ఉతికిన చీర. చేతిలో ఆ రసీదు ముక్క, అవే నాలుగు మడతలు. జాబితాలో వెతికాను. అనుబంధంలో వెతికాను. మాస్టారు తీసుకుని ఆయన వెతికారు. లేదు. మన ఓటు ఎవరైనా ముందే వేసేసి ఉంటే టెండర్ ఓటు, అంటే విడిగా కవరులో పెట్టే ఓటు, అడగొచ్చు. మనిషి మీద అనుమానమని ఏజెంటు ఎవడైనా అడ్డుకుంటే, వాడు రెండు రూపాయలు కట్టి నిరూపించాలి. వీటన్నిటికీ మాస్టారు మాకు తర్ఫీదు ఇచ్చారు. అసలు పేరే లేనివాళ్ళకి మాత్రం చేయడానికి ఏమీ ఉండదు. ఆ మాట ఆవిడకి నేనే చెప్పాలి.

ఆవిడ తిట్టలేదు. నా మొహంలోకి చూసింది. “నా పేరు చెప్పించుకున్నావు గదా పాపా. ఏం చేశావు దాన్ని?” అంది.

ఇరవై ఏడేళ్ళు కావస్తోంది. ఇంతకంటే పెద్ద పెద్ద మాటలు పడ్డాను ఉద్యోగంలో, ఇంట్లో. ఏవీ గుర్తులేవు.

మాస్టారు నన్ను ఆరోజు ఒక్క మాట అనలేదు. సాయంత్రం రిజిస్టరు తెరిచి, నేను పెన్నుతో కొట్టేసిన గీత పక్కన పెన్సిల్‌తో ఇంకో గీత గీశారు. పుస్తకం నా వైపు తిప్పారు. నేను కాలువ గట్టుకి వెళ్ళాను. తర్వాతి జాబితా సవరణకి మళ్ళీ ఫారం 6 రాశాను, నంబరు మూడుసార్లు చదివి. విచారణ మనిషి వచ్చేరోజు ఆ గుడిసె ముందే కాపలా కూర్చున్నాను. జాబితా రాగానే పేజీ తిప్పి ఆవిడ పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడకి చదువు రాదు. అయినా ఆ అక్షరాల మీద తనూ వేలు పెట్టింది.

2004 నాటికి నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. ఓటు కోసం రైలెక్కి వచ్చానని మాస్టారితో గొప్పగా చెబితే ఆయన మెచ్చుకోలేదు సరికదా, “నువ్వుండేది అక్కడ, ఓటు ఇక్కడేంటి? అక్కడ మార్పించుకోవాలని పదిమందికి చెప్పిన దానివి!” అని చీవాట్లు పెట్టారు. ఆ ఎన్నికలకి దేశమంతా మిషన్లు వచ్చేశాయి. కాగితం లేదు, స్వస్తిక్ ముద్ర లేదు. వేపచెట్టు దగ్గర నిలబడి ఉంటే ఆవిడ బడిలోంచి బయటికొచ్చింది. ఎడమచేతి చూపుడువేలు మీద సిరా ఆరకుండా గాలిలో పట్టుకుని ఉంది. నన్ను గుర్తుపట్టిందో లేదో అనుకున్నాను.

“కుయ్యిమంది పాపా. నొక్కగానే కుయ్యిమంది” అంది. వెళ్ళిపోతూ, “ఈసారి సరిగ్గానే రాశావు” అని కూడా అంది.

ఆ తర్వాత మా గుంపు ఓట్లతో ఆగలేదు. ఓటు ఎక్కించినవాళ్ళ దగ్గరికి జనం కుళాయి రావట్లేదనీ వీధిలైటు వెలగట్లేదనీ కూడా వస్తారు, అది తప్పదు. 2005 అక్టోబరులో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చాక టైలరు బాబాయ్ కుట్టుమిషను బల్లే దరఖాస్తుల బల్ల అయిపోయింది. చొక్కా కొలతలు రాసుకునే పుస్తకంలోనే ఎవరు ఏం అడిగారో, జవాబుకి ముప్పై రోజులు ఎప్పటికి నిండుతాయో రాసుకునేవాడు. ఒకసారి పొరపాటున మా నాన్న చొక్కాకి ఇచ్చిన డెలివరీ తేదీ ఎవరో మురుగుకాలువ గురించి పెట్టిన దరఖాస్తు గడువుతో కలిసిపోయింది. కాలువ పనే ముందు అయింది.

మాస్టారితో నేను చివరగా తిరిగింది ఒక చలి రాత్రి, బస్టాండు పక్కన. అప్పటికి ఒక్కో బూత్ ఓటర్ల జాబితా చూసుకునే బూత్ లెవెల్ ఆఫీసర్లు, అదే బీఎల్‌వోలు, వచ్చారు. ఇల్లు లేనివాళ్ళు కూడా ఓటు నమోదు చేసుకోవచ్చు. వాళ్ళు చెప్పిన చోటికి బీఎల్‌వో రాత్రిపూట వెళ్ళి, నిజంగానే అక్కడ పడుకుంటున్నారా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. మా బీఎల్‌వో ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, రాత్రి ఒంటరిగా వెళ్ళడానికి భయపడింది. అందుకని మాస్టారు, ఆయనకి తోడు నేను. మూసేసిన షాపు అరుగు మీద చెప్పులు కుట్టే ఆయన గోనెసంచి కప్పుకుని పడుకున్నాడు. టార్చి వెలుగు మొహాన పడగానే లేచి, పోలీసులనుకుని మూట సర్దుకోబోయాడు. “పడుకో, పడుకో. నువ్వు పడుకున్నావని చూడ్డానికే వచ్చాం” అన్నారు మాస్టారు. ఆ మాట ఎంత విచిత్రంగా ఉందో ముగ్గురికీ ఒకేసారి తట్టినట్టుంది, చెప్పులాయనతో సహా అందరం నవ్వాం. నాలుగు రోజులాగి ఇంకోసారి వెళ్ళాలి కదా. మాస్టారు వెళ్ళారు. నేను అప్పటికే హైదరాబాదు తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి, అంటే ఓటు ఎక్కాలంటే పద్దెనిమిది నిండి ఉండాల్సిన తేదీలు. జనవరి ఒకటి ఒక్కటే ఉన్న రోజుల్లో, జనవరి రెండున పుట్టినవాళ్ళు ఏడాదంతా ఆగాల్సి వచ్చేది. అలాంటివాళ్ళు మా వార్డులో ఇద్దరుండేవాళ్ళు. మాస్టారిని చూస్తే చాలు, ఆ ఒక్కరోజు గురించి గొడవపెట్టుకునేవాళ్ళు. ఫారం కూడా ఫోన్లోనే నింపేయొచ్చు. మా అపార్ట్‌మెంట్లో పిల్లలకి నేను అలాగే చేయిస్తాను. ఓటీపీ వస్తుంది, సబ్మిట్ అయిపోతుంది, వాళ్ళు థాంక్స్ ఆంటీ అని వెళ్ళిపోతారు. పేరడిగితే ఎవరూ ఆలోచించరు.

మాస్టారు 2012లో పోయారు. పదో రోజుకి వెళితే వాళ్ళ కోడలు రిజిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టి, “మావయ్యగారు మీకివ్వమన్నారు” అంది. కాసేపాగి, మొహమాటపడుతూ, ఆయన ఓటు తీయించాలి కదా, ఎలా అని అడిగింది. ఆ ఇంట్లో అది అడగాల్సిన ప్రశ్న కాదు, కానీ అన్నీ ఆయనే చూసుకునేవారు కాబట్టి ఎవరికీ తెలియదు. ఫారం 7 నేను రాశాను. దరఖాస్తు చేసేది ఆవిడ, సంతకం ఆవిడది. పేరు, భాగం నంబరు, వరుస సంఖ్య. కారణం దగ్గర ‘మరణం’. ఇంటి నంబరు మూడుసార్లు చదివాను.

మరుసటి ఏడాది జాబితా వచ్చాక ఊళ్ళో ఉండి, అలవాటుకొద్దీ ఆ పేజీ తిప్పాను. ఆయన పేరు అలాగే ఉంది. వయసు కూడా ఒక ఏడాది పెరిగింది. ఆ పేరు మీద ఎవడైనా వచ్చి దొంగ ఓటు వేయొచ్చు, వెంటనే తీయించాలి అని నా బుర్ర చెబుతూనే ఉంది. నేను మాత్రం చాలాసేపు ఆ వరస మీదే వేలు పెట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చి రిజిస్టరు తీశాను. ఆయన ఇంటి నంబరున్న వరస మొదటి పేజీలోనే ఉంది. పెన్సిల్ వెతికి, చివరి గడిలో ఒక గీత గీశాను.